మాలిక్ కాఫర్ కూడా న్యాయం కోసమే వచ్చాడు

యుద్ధాలన్నీ చమురు కోసమే జరుగుతాయని మన దగ్గర ఒక దురభిప్రాయం బాగా పాతుకుపోయింది. హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగే ఎవరినైనా అడిగి చూడండి. టీవీలో ఎడారి, పొగ, ట్యాంకు కనిపిస్తే చాలు, "ఇంకేముందన్నా, అంతా ఆయిల్ కోసమే" అని గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేస్తారు. ఐక్యరాజ్యసమితి ఏళ్ల తరబడి కూర్చుని తేల్చలేని విషయాన్ని సింగిల్ చాయ్‌లో తేల్చడం మనవాళ్ల తెలివికి నిదర్శనమే గానీ, పెద్ద దేశాల పెద్ద మనుషుల మీద ఇంత అపనమ్మకం మంచిది కాదు. అందుకే వాళ్లు అడగకపోయినా, ఒక్క రూపాయి ఫీజు తీసుకోకుండా, వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

నా మొదటి సాక్షి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్. 2002 నవంబరులో, అంటే ఇరాక్ మీద బాంబులు పడటానికి నాలుగు నెలల ముందు, అమెరికా రక్షణ మంత్రిగా ఒక రేడియో కార్యక్రమంలో ఆయన చెప్పాడు, దీనికి చమురుతో సంబంధం లేదు, అక్షరాలా లేదు అని. ఉత్తగా లేదంటే అనుమానించవచ్చు. అక్షరాలా లేదన్నాక కూడా అనుమానించేవాణ్ణి ఏమనాలి?

అసలు ఈ విషయంలో మన ఓరుగల్లు వాళ్లకు ఉన్నంత అనుభవం ప్రపంచంలో ఎవరికీ లేదు. 1309లో అల్లావుద్దీన్ ఖిల్జీ ఢిల్లీ నుంచి మాలిక్ కాఫర్‌ను పంపాడు. 1310 మొదట్లో ఆయన మన కోట ముందు డేరాలు వేశాడు. ఎందుకు వచ్చినట్టు? ప్రతాపరుద్రుడి ఏలుబడిలో పత్రికా స్వేచ్ఛ లేదని ఎవరో ఫిర్యాదు చేసి ఉంటారు. లేదా ఈ కాకతీయులు ఊరూరా గొలుసుకట్టు చెరువులు తవ్వుతున్నారు, వాటి అడుగున సామూహిక వినాశన ఆయుధాలు దాచారు అని ఢిల్లీకి నిఘా సమాచారం అంది ఉంటుంది. మట్టికోట దాటి రాతికోట దాకా వచ్చి వెతికాడు పాపం, ఆయుధాలేమీ దొరకలేదు. వెళ్లేటప్పుడు బంగారం, రత్నాలు, ఏనుగులు, గుర్రాలు వెంట వెళ్లాయంటే, అంత దూరం వచ్చి ఇంత మంచి చేసినవాడికి దారి ఖర్చులన్నా ఇవ్వకపోతే ఏం బాగుంటుంది?

ఒక్కటి మాత్రం గమనించాలి. ఖిల్జీకి ఓరుగల్లు అక్కర్లేదు. ఎండాకాలం ఇక్కడ కూర్చుని పాలించే ఓపిక ఢిల్లీ సుల్తానుకెక్కడిది! ధనం, ఏనుగులు ఇచ్చి ఏటేటా కప్పం కట్టడానికి ఒప్పుకుంటే చాలు, రాజును మరీ పీడించకు అని కాఫర్‌కు చెప్పి పంపాడని ఆ శతాబ్దపు చరిత్రకారుడు బరనీ రాశాడు. కాబట్టి ప్రతాపరుద్రుడు గద్దె మీదే ఉన్నాడు. కోట ఆయనదే, ఖజానా ఆయనదే, బిరుదులన్నీ ఆయనవే. కప్పం సరిగా అందనప్పుడల్లా ఢిల్లీ సైన్యం మళ్లీ వచ్చింది, చివరికి 1323లో రాజును కూడా పట్టుకుపోయింది, ఆయన ఢిల్లీ చేరకముందే దారిలో ప్రాణం విడిచాడు. ఖిలా వరంగల్‌లో శిలాతోరణాల దగ్గర సెల్ఫీ దిగే పిల్లలు ఈ వరుస ఒకసారి మనసులో పెట్టుకుంటే ఇరవయ్యో శతాబ్దపు పశ్చిమాసియా చరిత్ర వేరే చదవనక్కర్లేదు.

ఇరాన్ సంగతే తీసుకోండి. 1908లో మస్జిద్ సులేమాన్ దగ్గర చమురు పడింది. అదే సమయంలో బ్రిటన్ యుద్ధనౌకలు బొగ్గు మానేసి నూనె మీద నడవడం మొదలుపెట్టాయి. ఇంగ్లాండు కింద బొగ్గు కావలసినంత ఉంది, నూనె లేదు. నూనె ఇరాన్ కింద ఉంది. దేవుడు ఎక్కడ ఏది పెట్టాలో తెలియక చేసిన ఈ పొరపాటును సరిదిద్దడానికి అప్పటి నౌకాదళ మంత్రి చర్చిల్ నడుం కట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి కొన్ని వారాల ముందు, 1914లో, ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీలో 51 శాతం వాటాను ప్రభుత్వం కొనడానికి బ్రిటిష్ పార్లమెంటు ఒప్పుకుంది. ప్రభుత్వ రంగ సంస్థలు దండగ అని మనకు పాఠాలు చెప్పే దేశమే చూడండి, నూనె దగ్గరికి వచ్చేసరికి ఎంత చక్కగా ప్రభుత్వ రంగాన్ని నమ్ముకుందో.

తర్వాత నాలుగు దశాబ్దాలు బాగా గడిచాయి, అంటే లండన్‌కు బాగా గడిచాయి. ఇరాన్‌కు ఇచ్చే రాయల్టీ కంటే ఆ కంపెనీ బ్రిటన్ ఖజానాకు కట్టే పన్ను ఎక్కువగా ఉండేది. మా నూనె ఎంత తీశారు, ఎంతకు అమ్మారు, ఒకసారి లెక్కల పుస్తకాలు చూపించండి అని ఇరాన్ అడిగింది. చూపించలేదు. ఇంటికి వచ్చిన చుట్టాన్ని జేబులో ఎంతుందని అడగడం మర్యాద కాదు కదా. మర్యాద తెలియని మహమ్మద్ మొసాద్దెక్ 1951లో ప్రధాని అయి కంపెనీని జాతీయం చేసేశాడు. కప్పం ఆగింది.

ఇక చెప్పేదేముంది. మొదట బ్రిటన్ నౌకలు ఇరాన్ నూనె బయటికి పోకుండా కాపు కాశాయి. 1953 ఆగస్టులో మొసాద్దెక్ ప్రభుత్వం కూలిపోయింది. దానంతట అదే కూలిపోయిందని, జనం కోపం పట్టలేక కూల్చేశారని చాలా ఏళ్లు చెప్పుకున్నారు. 2013లో బయటికి వచ్చిన కాగితాల్లో ఆ కుట్ర తమ ఆధ్వర్యంలోనే జరిగిందని అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఒప్పుకుంది. అరవై ఏళ్లకు ఒప్పుకున్నారు, చిన్న విషయం కాదు, మన దగ్గర వార్డు మెంబరు కూడా ఒప్పుకోడు. ఇరాన్‌ను కమ్యూనిజం నుంచి కాపాడటానికి చేశామన్నారు. నమ్ముతున్నాను. కాపాడిన మరుసటి ఏడు ఇరాన్ నూనె తీసే కూటమిలో బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికా కంపెనీలకు 40, షెల్‌కు 14, ఫ్రెంచి కంపెనీకి 6 వాటాలు వచ్చాయి. కూడి చూస్తే సరిగ్గా వంద. కమ్యూనిజం నుంచి కాపాడే పనికి ఏ ఇతర దేశమూ ముందుకు రాలేదనుకుంటా.

ఇక్కడే నాకు నచ్చిన ముక్క ఒకటుంది. 1954 ఒప్పందం ఇరాన్ చమురును ఇరాన్ నుంచి లాక్కోలేదు. జాతీయం జాతీయంగానే ఉంది, నూనె ఇరాన్ జాతీయ కంపెనీదే అని కాగితం మీద శుభ్రంగా రాశారు, లాభంలో సగం కూడా ఇచ్చారు. కూటమి లెక్కల పుస్తకాలు మాత్రం ఇరాన్ ఆడిటర్లకు చూపించలేదు, డైరెక్టర్ల బోర్డులో ఒక్క ఇరానీకి కుర్చీ వేయలేదు. ఆస్తి నీది, లెక్క నాది. ఖిల్జీ బతికి ఉంటే లేచి నిలబడి సలాం చేసేవాడు.

ఇప్పుడు ఇరాక్. 2003 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం బాగ్దాద్‌లో ప్రవేశించగానే నగరమంతా దోపిడీ మొదలైంది. వేల ఏళ్ల నాటి సుమేరియన్ వస్తువులున్న జాతీయ మ్యూజియాన్ని రోజుల తరబడి దోచుకుపోయారు. కాపలా లేదు. మంత్రిత్వ శాఖల భవనాలు ఒక్కొక్కటే తగలబడ్డాయి. వాటికీ కాపలా లేదు. ఆయిల్ మంత్రిత్వ శాఖ చుట్టూ మాత్రం అమెరికా ట్యాంకులు, సైనికులు. దీన్ని చూపించి చాలామంది ఎగతాళి చేశారు. నేనొక వకీలుగా అడుగుతున్నాను, సైనికుడు నీడ కోసం ఏదో ఒక భవనం ముందు నిలబడాలి కదా, అది ఆయిల్ భవనం కావడం అతని తప్పా? పాల్ వోల్ఫోవిట్జ్ అనే రక్షణ శాఖ ఉప మంత్రి అంతకు కొద్ది రోజుల ముందే అమెరికా కాంగ్రెస్‌కు భరోసా ఇచ్చి ఉన్నాడు, ఇరాక్ పునర్నిర్మాణానికి ఇరాక్ తన డబ్బుతోనే ఖర్చు పెట్టుకోగలదు, చమురు ఆదాయం ఉంది కదా అని. చమురుతో అక్షరాలా సంబంధం లేని యుద్ధానికి మరమ్మతు ఖర్చులు మాత్రం చమురు మీద రాసుకున్నారు. పైగా ఏ వినాశన ఆయుధాలు ఉన్నాయని చెప్పి యుద్ధానికి వచ్చారో అవి దొరకనేలేదు. మన చెరువుల్లో వెతికి ఉంటే పోయేది.

అమెరికా కేంద్ర బ్యాంకును పద్దెనిమిదేళ్లు నడిపిన అలన్ గ్రీన్‌స్పాన్ 2007లో, ఇరాక్ యుద్ధం చాలావరకు చమురు గురించే, అందరికీ తెలిసిన ఈ మాట పైకి ఒప్పుకోవడం రాజకీయంగా ఇబ్బంది కావడం విచారకరం అని రాసేశాడు. హన్మకొండ చౌరస్తాలో ఆయన ఎప్పుడు చాయ్ తాగాడో నాకు తెలియదు. నా కేసుకు మాత్రం దెబ్బ పడింది.

అయితే మా కాలనీలో ఒక రిటైర్డ్ లెక్చరర్ సారు ఉన్నారు, పొలిటికల్ సైన్సు చెప్పేవారు, ఆయన నా పక్షం. పొద్దున వాకింగ్‌లో పట్టుకుని వాదిస్తారు. "ఆయిల్ కోసమే పోయి ఉంటే, తమ్ముడూ, 2009లో ఇరాక్ వేలం పెట్టినప్పుడు రుమైలా చమురు క్షేత్రం ఎవరికి పోయింది? బ్రిటిష్ వాళ్లతో పాటు చైనా వాళ్లకు పోయింది. బ్యారెల్‌కు రెండు డాలర్ల ఫీజుకు ఒప్పుకున్నరు. చైనా ఒక్క సైనికుణ్ణి పంపలే, ఒక్క బుల్లెట్ పేల్చలే. ఇన్ని లక్షల కోట్లు పెట్టి యుద్ధం చేసి నూనె చైనాకు ఇచ్చేటంత అమాయకులా వాళ్లు?" అని.

సారు చెప్పిన లెక్కలో తప్పు లేదు. వాదన బరువైనదే, చాయ్ హోటల్ తీర్పు ఇక్కడ నిజంగా తడబడుతుంది. యుద్ధానికి పోయినవాడు డ్రమ్ములు పట్టుకుని నూనె నింపుకుని వస్తాడని మనం ఊహించుకుంటాం. అలా జరగదు. నూనె ఎవరు తవ్వినా తవ్వనీ, ఎవరు కొన్నా కొననీ. కానీ సార్, అమ్మిన డబ్బు ఎక్కడికి పోతుందో అడగండి. 2003 మేలో భద్రతా మండలి 1483 నంబరు తీర్మానం చేసింది. దాని ప్రకారం ఇరాక్ చమురు అమ్మిన డబ్బు ఒక నిధిలో చేరాలి, ఆ నిధి ఖాతాను న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో తెరిచారు. పాత అప్పులవాళ్లు కోర్టుకెక్కి ఆ సొమ్ము జప్తు చేయకుండా రక్షణ కోసమని చెప్పారు, అందులో కొంత నిజమూ ఉంది. సైన్యాలు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి, ఖాతా పేరు మారింది, డాలర్లు మాత్రం న్యూయార్క్ మీదుగానే బాగ్దాద్ చేరుతున్నాయి. 2020 జనవరిలో బాగ్దాద్ విమానాశ్రయం దగ్గర ఇరాన్ సేనాని సులేమానీని అమెరికా చంపాక, విదేశీ సైన్యం వెళ్లిపోవాలని ఇరాక్ పార్లమెంటు తీర్మానించింది. అప్పుడు, మీరు మరీ పట్టుబడితే ఆ ఖాతా మీకు అందకుండా పోవచ్చు అని అమెరికా హెచ్చరించిందని అక్కడి పత్రికలే రాశాయి.

ఇరాక్ రాజ్యాంగం 111వ అధికరణం ఏమంటుందో తెలుసా? చమురు, గ్యాసు అన్ని ప్రాంతాల్లోని ఇరాక్ ప్రజలందరి సొత్తు అంటుంది. 2005లో రాసుకున్నారు. ఎంత అందమైన వాక్యం! బస్రాలో ఎండాకాలం యాభై డిగ్రీల వేడిలో కరెంటు పోయి, తాగునీళ్లు ఉప్పెక్కి రోడ్డెక్కిన జనం ఆ వాక్యానికి యజమానులు. కాళ్ల కింద రుమైలా, పైన 111వ అధికరణం, మధ్యలో వాళ్లు.

సద్దాంనేమీ నేను వెనకేసుకురావడం లేదు. ఆయన 1990 ఆగస్టులో కువైట్ మీద పడ్డప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి మన గీసుగొండ, పర్వతగిరి రైతులకు బాగా అర్థమవుతుంది. రుమైలా నిక్షేపం సరిహద్దుకు రెండు వైపులా ఉంది, కువైట్ వాడు వాలుగా బోరు దించి నా నూనె లాగుతున్నాడు అన్నాడు. మన దగ్గర ఎన్ని కొట్లాటలు ఇవే కదా, పక్కోడు రాత్రికి రాత్రి రిగ్గు బండి తెచ్చి ఏడొందల ఫీట్లు దించితే పొద్దటికి మన బోరు గాలి కక్కుతుంది, భూమి మీద గెట్టు ఉంటుంది గానీ భూమి లోపల నీళ్లకు గెట్టేం తెలుసు, తహసీల్దారుకు దరఖాస్తు పెడితే ఆయన వాల్టా చట్టం తీసి బోరుకు బోరుకు ఇంత దూరం ఉండాలి అని చదివి, టీ తాగి పోతాడు. వాల్టా 2002లో వచ్చింది. సద్దాం పన్నెండేళ్లు తొందరపడ్డాడు. కువైట్ నుంచి తరిమినప్పుడు ఆరు వందలకు పైగా బావులకు నిప్పు పెట్టి పోయారు ఆయన సైనికులు, ఆర్పడానికి 1991 నవంబరు దాకా పట్టింది. కువైట్‌ను విడిపించిన అమెరికా మాత్రం చిన్న దేశాల సార్వభౌమత్వం కోసమే వచ్చింది. నూనె లేని చిన్న దేశాలు ఆ మాట విని ఎంత ధైర్యం తెచ్చుకుని ఉంటాయో.

ఈ భూగర్భం కొట్లాట మన కృష్ణా గోదావరి బేసిన్‌లోనూ జరిగింది. మనది శాంతి కాముక దేశం కాబట్టి ట్యాంకుల బదులు సీనియర్ లాయర్లు దిగారు. పక్క బ్లాకులోని మా గ్యాసు రిలయన్స్ బావుల్లోకి జారిపోతోందని ప్రభుత్వ కంపెనీ ఓఎన్‌జీసీ కోర్టుకెక్కింది. 2018లో ఆర్బిట్రేషన్ తీర్పు రిలయన్స్‌కు అనుకూలంగా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంతకుముందు అంబానీ అన్నదమ్ములిద్దరూ అదే బేసిన్ గ్యాసు ధర మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2010 మేలో కోర్టు చెప్పిందేమిటంటే, మీ ఇంటి పంపకాల కాగితం మీ ఇంట్లో పెట్టుకోండి, గ్యాసు ప్రజలది, ప్రజల తరఫున ప్రభుత్వానిది అని. నాకు ఆ తీర్పు చదివినప్పుడు ఛాతీ ఉప్పొంగింది. గోదావరి గ్యాసులో యజమానినన్నమాట. సిలిండర్ బుక్ చేసినప్పుడు మాత్రం ఆ ఓటీపీ చెప్పమంటారే తప్ప ఓనరు గారూ అని ఎవరూ అనరు.

మనకు నూనె లేదు గానీ నల్ల బంగారం ఉంది కదా అంటారు భూపాలపల్లి, గోదావరిఖని వాళ్లు. ఉంది. దాని కథ కూడా మొసాద్దెక్ కథకు మేనమామ కొడుకే. ఇల్లెందు దగ్గర బొగ్గు పొర ఉందని 1871లో విలియం కింగ్ అనే జియాలజిస్టు కనిపెట్టాడు. 1886లో నిజాం గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీ అని లండన్‌లో పెట్టిన కంపెనీకి దక్కాయి. ఒప్పందం నడిపిన నిజాం గారి అధికారి అబ్దుల్ హఖ్, ఆయన లండన్ మిత్రులు వాటాల్లో ఎంత గోల్‌మాల్ చేశారంటే, 1888లో బ్రిటిష్ పార్లమెంటే విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. అప్పటికి బొగ్గు ఇంకా సరిగ్గా పైకే రాలేదు! తవ్వకం 1889లో మొదలైంది. ఖనిజం కంటే ముందు వాటా పైకి వస్తుంది, ఇది భూగర్భ శాస్త్రంలో లేని సూత్రం. 1945లో నిజాం సర్కారు కంపెనీని చేతిలోకి తీసుకునేదాకా మన నేల కింది బొగ్గుకు యజమానులు థేమ్స్ నది ఒడ్డున ఉన్నారు, బాయిలో దిగినవాళ్లు మాత్రం మనవాళ్లే.

ఇప్పుడు సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49. చర్చిల్ కొన్న వాటా కూడా 51 శాతమే, ఆ అంకెలో ఏదో మహత్తు ఉంది. అయినా 2024 జూన్‌లో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకును కేంద్రం వేలం జాబితాలో పెట్టింది. మా బ్లాకు మాకు నేరుగా ఇవ్వకుండా వేలం ఏమిటని రాష్ట్రం అడిగితే, అందరితో పాటు వచ్చి పాట పాడుకోండి అన్నట్టు జవాబు. తప్పేముంది, వేలం అంటే పారదర్శకత. 51 శాతం ఉన్నవాళ్లు, 49 శాతం ఉన్నవాళ్లు పెట్టిన వేలంలో, తమ ఇంటి కింది బొగ్గుకు పాట పాడటం కంటే పారదర్శకమైనది ఏముంటుంది? ఆ పైన ఉన్న ఊళ్లవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. వాళ్లను అడిగేది ఒక్కటే, నష్టపరిహారం చెక్కు మీద సంతకం.

తమ కింద ఉన్నదాన్ని తామే నిజంగా దక్కించుకున్నవాళ్లు ఎవరూ లేరా అంటే, నార్వే వాళ్లున్నారు. దీంట్లో ఒక మెలిక ఉంది. 1968లో బస్రాకు చెందిన ఫారూక్ అల్ కాసిం అనే జియాలజిస్టు, జబ్బుపడ్డ కొడుకు వైద్యం కోసం, భార్య పుట్టింటి దేశమైన నార్వేకు వలస వచ్చాడు. అంతకుముందు ఇరాక్ పెట్రోలియం కంపెనీలో పనిచేసిన మనిషి, విదేశీ కంపెనీలు నూనె ఉన్న దేశాన్ని ఎలా ఆడిస్తాయో లోపలి నుంచి చూసినవాడు. మరుసటి ఏడాదే ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ నిక్షేపం దొరికింది. సర్కారు కంపెనీ ఎలా పెట్టాలి, దాని మీద కూడా నిఘాకు వేరే సంస్థ ఎలా ఉండాలి అని నార్వేకు విధానం తయారు చేసిపెట్టిన వాళ్లలో ఆయన ముఖ్యుడు. ఈ రోజు నార్వే చమురు నిధి లక్ష కోట్ల డాలర్లు ఎప్పుడో దాటేసింది, ప్రపంచంలోనే పెద్దది. నూనెను ఎలా కాపాడుకోవాలో ప్రపంచానికి చూపించింది ఒక ఇరాకీ. చూపించింది మాత్రం ఇరాక్‌లో కాదు. నార్వే మీదికి ప్రజాస్వామ్యం నేర్పడానికి ఇంతవరకు ఎవరూ విమానాలు పంపలేదు, అమెరికా సైనిక కూటమి నాటోలో సభ్యత్వం ఉన్నవాళ్లకు ప్రజాస్వామ్యం ముందే వచ్చి ఉంటుంది కాబోలు.

నా పక్షాన ఇంకొన్ని సాక్ష్యాలున్నాయి, న్యాయంగా చెప్పాలి. 1932 నుంచి 1935 దాకా బొలీవియా, పరాగ్వే చాకో అనే ఎండు మైదానం కోసం కొట్టుకున్నాయి. లక్ష మంది దాకా చనిపోయారు, దాని కింద నూనె ఉందని అందరూ నమ్మారు, వాళ్లు కొట్లాడిన చోట దొరకలేదు. అంటే నూనె లేకుండా కూడా నూనె యుద్ధం చేయవచ్చు. మరోపక్క కొరియా, వియత్నాం యుద్ధాల్లో నూనె వెతికేవాడు కళ్లజోడు మార్చుకోవాలి. ప్రతి యుద్ధానికీ ఒకే కారణం చెప్పేవాణ్ణి నమ్మకండి. ఒక్క కారణం మాత్రం కానే కాదని ఒట్టేసేవాణ్ణి ఇంకా నమ్మకండి. అయ్యో, నేను ఎవరి తరఫు వకీలునో మరిచిపోతున్నాను.

నిజానికి నా వృత్తికి పెద్ద దెబ్బ కొట్టింది చాయ్ హోటల్ వాళ్లు కాదు, ట్రంప్. ఒక తరం నాయకులు కష్టపడి, స్వేచ్ఛ, భద్రత, మానవ హక్కులు అని ఎంతో మర్యాదగా మాట్లాడి కట్టుకున్న కేసును ఆయన నోటితోనే పాడుచేశాడు. 2019 అక్టోబరులో సిరియా గురించి అడిగితే, నూనె మేం ఉంచుకుంటున్నాం అన్నాడు. అక్కడున్నది పెద్ద నూనె కూడా కాదు! 2026 జనవరిలో వెనిజులా అధ్యక్షుడు మదురోను అమెరికా సైన్యం రాత్రికి రాత్రి పట్టుకుపోయింది. మర్నాటి దాకానన్నా ఆగవచ్చు కదా, అదే రోజు విలేకరుల ముందు, మా పెద్ద ఆయిల్ కంపెనీలు అక్కడికి పోతాయి, వేల కోట్లు పెట్టి అంతా బాగు చేస్తాయి అన్నాడు. 300 బిలియన్ బ్యారెళ్లతో ప్రపంచంలో అతి పెద్ద నిల్వ వెనిజులాదే అని లెక్క, తీసే నూనె మాత్రం పాతికేళ్ల కింద తీసినదాంట్లో మూడో వంతుకు పడిపోయింది, దాంట్లో వాళ్ల పాలకుల సొంత తెలివి కూడా బోలెడుంది, అది వేరే సంగతి. ఇలాంటి క్లయింటు కోసం వాదించే వకీలు గతి ఏమవుతుందో మన కోర్టుల్లో నల్లకోటు వేసుకున్న ఎవరినైనా అడగండి. సాక్షి బోనులో ముద్దాయే ముందుకు వచ్చి, నేనే చేశాను, బాగా చేశాను, మళ్లీ చేస్తాను అంటుంటే "మై లార్డ్, అక్షరాలా సంబంధం లేదు" అని ఏ మొహం పెట్టుకుని చదవాలి?

ఇదంతా ఎక్కడో జరిగే గొడవ, మనకేం అనుకునేరు. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతం పైగా బయటి నుంచి కొనుక్కునేదే. ఎవరి దగ్గర కొనాలో సర్వసత్తాక గణతంత్రంగా మనమే నిర్ణయించుకుంటాం. ఇరాన్ దగ్గర కొంటుండేవాళ్లం, 2019 మేలో ఇరాన్ మీది ఆంక్షల నుంచి మనకిచ్చిన మినహాయింపును అమెరికా ఎత్తేస్తే సర్వసత్తాకంగా మానేశాం. రష్యా దగ్గర చౌకగా దొరికితే 2022 తర్వాత తెగ కొన్నాం. అందుకు 2025 ఆగస్టులో అమెరికాలో మన సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం పడింది, మొత్తం 50 అయింది. రష్యా నూనె శుద్ధి చేసిన లాభం ఎవరికి పోయిందో రిఫైనరీల ఖాతాలు చెబుతాయి. సుంకం దెబ్బ మాత్రం తిరుప్పూర్ బనియన్లకు, మన కోస్తా రొయ్యలకు తగిలింది. రొయ్యకు భౌగోళిక రాజకీయాలు ఏం తెలుసు.

ఇక 2020 ఏప్రిల్ 20 నాటి ముచ్చట. ఆ రోజు అమెరికా ముడి చమురు ధర సున్నా కంటే కిందికి, బ్యారెల్‌కు మైనస్ 37 డాలర్లకు పోయింది. అంటే నూనె తీసుకుపోండి బాబూ, ఎదురు డబ్బులిస్తాం అన్నారు. కాజీపేట బంకులో మనకు ఎవరైనా ఎదురిచ్చారా? రెండు వారాలు దాటాయో లేదో కేంద్రం పెట్రోలు మీద లీటరుకు పది రూపాయలు, డీజిలు మీద పదమూడు రూపాయలు సుంకం పెంచింది. పెట్రోలు మీద మన రాష్ట్రం వాటా 35.2 శాతం వ్యాట్ దానికదే ఉంది. మరుసటి ఏడు లీటరు వంద దాటింది. కాబట్టి కప్పం వసూలుకు ఢిల్లీ నుంచి కాఫర్ గుర్రమెక్కి రావాల్సిన పని ఇప్పుడు లేదు. బండి స్టాండు వేసి, మూత తీసి, మీటరు సున్నా చూసుకుని మనమే కట్టి వస్తాం.

మరి యుద్ధమే వచ్చి నౌకలన్నీ ఆగిపోతే? భయం లేదు, మన ప్రభుత్వానికి ముందుచూపు ఉంది. విశాఖపట్నంలో, మంగళూరులో, పాదూరులో కొండరాతి లోపల గుహలు తొలిచి ముడి చమురు దాచారు. మూడూ కలిపి 53 లక్షల టన్నులకు కొంచెం పైన పడుతుంది. నిండుగా నింపి ఉంచితే దేశానికి తొమ్మిదిన్నర రోజులు సరిపోతుందని లెక్క కట్టారు. కంపెనీలు తమ ట్యాంకుల్లో, పైపుల్లో పెట్టుకున్నది కలిపితే రెండు నెలలు దాటుతుందంటారు, అది కంపెనీల లెక్క. గుహల్లోది మాత్రం మనది, అచ్చంగా ప్రజలది, 111వ అధికరణం అంత అచ్చంగా. తొమ్మిదిన్నర రోజులు మన వరంగల్‌కు కొత్త లెక్కేం కాదు. ఎంగిలిపూల నాడు యుద్ధం మొదలైతే సద్దుల బతుకమ్మ దాకా మైకులకు, జనరేటర్లకు, భద్రకాళి చెరువు దాకా ఆటోలకు ఏ లోటూ ఉండదు, ఆ మిగిలిన అర రోజు నూనెతో చీకటి పడకముందే చుట్టాలను బస్సెక్కించేయాలి. దసరా నాడు పాలపిట్టను చూడటానికి మాత్రం అందరం నడిచే పోవాల్సి ఉంటుంది, పిల్లల్ని ఇప్పటి నుంచే అలవాటు చేయండి.